వక్షస్థలమునందు భారము

తొమ్మిది కొట్టింది. ఉత్తరాలు మోసే పెర్నెట్ పదింటికి బయల్దేరుతుంది. గురువారం పదింటికి వీపుకు బుట్ట తగిలించుకుని ఆమె ఈ ఇంటి ముందు నుంచే పోతుంది, ఉత్తరం చేతిలో పెడితే సరే, లేకపోతే మళ్లీ గురువారమే, ఆ సంగతి లోయలో అందరికీ తెలుసు, పాస్టరయ్యగారికీ తెలుసు, అయినా ఆయన గది తలుపు తీయలేదు. లోపల ఆదివారం ప్రసంగం పైకి చదువుకుంటున్నాడు. ఒక వాక్యం చదువుతాడు, ఆగుతాడు, అందులో ఒక మాట తీసేసి ఇంకో మాట పెట్టి మళ్లీ చదువుతాడు. తీసేసిన మాటకు ఏం తక్కువొచ్చిందో వసారాలో బల్ల మీద కూర్చున్న సలొమేకు తెలియడం లేదు. ఇప్పుడు ‘ఏడ్చెను’ తీసి ‘దుఃఖించెను’ పెట్టాడు. ఏడ్చిన మనిషి ఎవరో గానీ ఏడ్చే ఉంటాడు. తలుపు కొడతానని ఇందాక లేచింది. పాస్టరుగారి భార్య యూరానీ వంటింట్లోంచి చెయ్యి అడ్డంగా ఊపింది. “ఇప్పుడు కదిలించావంటే మళ్లీ మొదటికొస్తారు. కూర్చో.” కూర్చుంది. ఒళ్లో లేసు అల్లే దిండు ఉంది, చేతులు ఊరికే ఉంటే ఎక్కడెక్కడో తడుముతాయని తెచ్చుకుంది. ఇరవై ఏళ్లుగా దిండు అంచు ఎడమవైపుకు ఆనించి పని చేసిన మనిషి, జనవరి నుంచి కుడివైపుకు తిప్పుకుంది, ఇప్పుడు దారం చుట్టిన కండెలు ఎదురు చేతికి వస్తున్నాయి, దారాలు దాటించేటప్పుడు ఏది పైన ఏది కింద అని చూసుకోవలసి వస్తోంది, పదేళ్ల పిల్ల లాగా. తెల్లారినప్పటి నుంచి వేలెడు లేసు కూడా సాగలేదు.

నోట్లో ఇంకా గాడిద పాల వాసన. మూడు వారాలైంది తాగడం మొదలుపెట్టి. జెనీవా డాక్టరు రివాల్ గారు రాశారు కాబట్టి తాగాలి, పొద్దున్నే, పరగడుపున, పితికిన వేడి పోకముందే, దానికోసం అబ్రామ్ కొండ అవతలి ఊరికి పోయి ఈనిన గాడిదను బాడుగకు తోలుకొచ్చి కిటికీ కింద కట్టేశాడు. కిటికీ కింద ఎందుకంటే పాలు వాకిలి దాటి వచ్చేలోపు చల్లారకూడదని. అంత శ్రద్ధ. అబ్రామ్‌ను ఏమనడానికీ లేదు. గడియారాల చక్రాలకు పళ్లు కోసే మనిషి, వెంట్రుకవాసి తేడా వస్తే చక్రాన్ని పక్కన పారేస్తాడు, డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టు చేశాడు, తప్పు చక్రంలో ఉందో గడియారంలో ఉందో మాత్రం అడగలేదు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తారు. ఎదురింటి ముసలాయన రోజూ ఒకటే హాస్యం. “ఏమ్మా సలొమే, ఓండ్ర పెట్టడం ఎప్పుడు మొదలుపెడతావు?” మొదటి వారం నవ్వింది. రెండో వారం లోపలికి పోయింది. మూడో వారం నిన్న, “మీరు పెడుతున్నారుగా, ఊరికి ఒకరు చాలు” అంది, అబ్రామ్‌కు కోపం వచ్చింది, పెద్దాయన్ను అంత మాట అంటావా అని. పాలు మంచివే కావచ్చు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు.

ఆ జాబు వచ్చిన రోజు వంటింట్లో అందరూ ఉన్నారు. జాబు వస్తే పైకి చదవాలి, అది పద్ధతి, పాస్టరయ్యగారు స్వయంగా తెచ్చి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ‘వక్షస్థలమునందలి భారము ఊపిరితిత్తులలో చేరిన తేమవలన కలుగుచున్నది.’ ఎంత బాగా రాశారో అని ఆగాడు. గాడిద పాలు. ఛాతీకి ఉన్ని గుడ్డ. క్యాబేజీ వద్దు, ఉప్పు జున్ను వద్దు, పొగమంచులో బయటికి పోవద్దు, కుడిచేతి నరంలోంచి ఒకసారి రక్తం తీయించవలెను, లేసు దిండు మీదికి వంగరాదు. చివర ఒక వాక్యం, ‘దగ్గు సంగతి మీరు వ్రాయలేదు, శ్వాస ఆడునప్పుడు పిల్లికూత వినబడునా అనునది కూడ వ్రాయలేదు.’ అబ్రామ్ ఆమె వైపు తిరిగాడు. “దగ్గు వస్తోందా?” “లేదు.” “డాక్టరుగారు అడుగుతున్నారు. కాస్త చూసుకో.” ఆ వారంలో ఒకరోజు పొయ్యి పొగకు దగ్గితే అబ్రామ్ ముఖం తేటపడింది, ఆయన చెప్పినట్టే వచ్చింది చూశావా అన్నాడు. ఆమెకూ అప్పుడు అనుమానం రాలేదు. అంత చదువుకున్నాయన, రాజులు మనుషుల్ని పంపించి సలహా అడుగుతారట, తేమ చేరే గడ్డ కట్టిందంటున్నారేమో, దాన్ని కరిగించడానికి గాడిద పాలకు ఏదో దారి ఉండే ఉంటుంది, పొట్టలోంచి రక్తంలోకి, రక్తంలోంచి అక్కడికి. అలా అనుకుని తాగింది. రక్తం తీయించుకుంది. రెండు రోజులు కళ్లు తిరిగాయి. ఉన్ని గుడ్డ కట్టుకుంది, ఒరుసుకుని ఎర్రబడింది. మే నెల ఇది.

ఆవుల కొట్టంలో చెప్పింది అబ్రామ్‌కు, మార్చిలో, పాలు పితుకుతూ, ఆవు కడుపుకు నుదురు ఆనించి, ముఖం కనబడదు కాబట్టి. రెండు నెలలు మోసి అప్పుడు చెప్పింది. “ఎడమ చన్నులో గడ్డ ఉందయ్యా.” అబ్రామ్ గడ్డిపార కింద పెట్టాడు. “ఏ ఆవుకి?” “ఆవుకి కాదు. నాకు.” పాస్టరయ్యగారి దగ్గరికి పోదాం, ఆయన దగ్గర పుస్తకం ఉంది అన్నాడు. చెయ్యి పెట్టి చూస్తావా అని ఆమె అడగలేదు, అతనూ అడగలేదు. తన నోట్లోంచి మాట సరిగానే బయటికి వచ్చింది. దాన్ని ఎవరూ వేరే మాట అనుకోవడానికి లేదు, నలుగురు పిల్లలు తాగిన చోటు, ఇద్దరు బతికారు, నలుగురూ తాగారు. కొట్టంలోంచి పాస్టరుగారింటికి రెండు వందల అడుగులు. ఆ రెండు వందల అడుగుల్లో అబ్రామ్ దాన్ని మార్చాడు. “మా ఆవిడకి రొమ్ములో ఏదో బరువుగా ఉందిటండి” అన్నాడు. ఇదే వసారాలో, ఇదే బల్ల ముందు నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని. రొమ్ము అంటే అదీ అవుతుంది, ఇదీ అవుతుంది, రొమ్ము పడిశం అంటారు కదా, గడ్డ బరువు అయింది, చన్ను రొమ్ము అయింది, ఆమె వెనకే నిలబడి విన్నది, దగ్గర మాటే కదా, ఆయన అర్థం చేసుకుంటాడు, మళ్లీ అడుగుతాడు అనుకుంది.

అడిగాడు. ముప్పై ఆరు ప్రశ్నలు అడిగాడు. డాక్టరు రివాల్ గారి పుస్తకం చివర పట్టిక ఉంది, దూరాన ఉన్న రోగులు ఉత్తరం రాయదలిస్తే ఈ ప్రశ్నలకు జవాబులు వరుసగా రాయవలెను అని. రోగి వయస్సు. ముప్పై ఆరు. మునుపు వచ్చిన జబ్బులు. వృత్తి. నిద్ర. ఆహారం. ముఖం ఎర్రనిదా, పాలిపోయినదా. కోపం త్వరగా వచ్చునా. ఆ ప్రశ్నకు అబ్రామ్ నవ్వి, “రాదండి” అన్నాడు, పాస్టరుగారు రాసుకున్నాడు. నెలసరి సక్రమమా అన్నచోట పాస్టరుగారు నోటితో అడగలేదు, పుస్తకం అబ్రామ్ వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు, అబ్రామ్ ఆమె వైపు చూశాడు, ఆమె తల ఊపింది, అబ్రామ్ తల ఊపాడు, పాస్టరుగారు తల ఊపి రాసుకున్నాడు. ఎక్కడ ఉంది, చేతికి తగులుతుందా, పెరుగుతోందా అన్న ప్రశ్న పట్టికలో లేదు. పట్టికలో లేనిది చెప్పడానికి ఆమె ఒకసారి నోరు తెరిచింది. “ముట్టుకుంటే గట్టిగా ఉందండి—” “వస్తానమ్మా, అక్కడికే వస్తాను, ఇంకా మలబద్ధకం ఉంది.” అక్కడికి రాలేదు. తర్వాత ఆయన తలుపు వేసుకుని రాశాడు.

లోపల గొంతు ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడు. సలొమే దిండు పక్కన పెట్టి లేచింది. మళ్లీ గొంతు మొదలైంది, ‘దుఃఖించెను’ పోయి ‘విలపించెను’ వచ్చింది. కూర్చుంది. తొమ్మిదింబావు అయి ఉంటుంది.

పెద్దమ్మ మద్లెన్ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు అక్క. కిటికీ పక్క కూర్చుని లేసు అల్లేది, ఎప్పుడూ శాలువా, పొయ్యి పక్కన కూడా శాలువా, ఎండాకాలం కూడా. పిల్లలం వెళ్తే ఎండుపళ్లు ఇచ్చేది గానీ ఒళ్లో కూర్చోనిచ్చేది కాదు. ఆ గదిలో లవంగాల వాసన ఉండేది, పెద్దమ్మకు లవంగాలంటే ఇష్టం అనుకునేవాళ్లం. రెండేళ్లు. చనిపోయాక ఒంటికి నీళ్లు పోయడానికి అమ్మ, ఇంకో ఇద్దరు వెళ్లారు, కట్లు విప్పడానికి కత్తెర కావలసి వచ్చిందట, బట్ట ఒంటిలోకి అతుక్కుపోయిందట, ఒకావిడ బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది, ఆ నిలబడడం సలొమే చూసింది, అప్పుడు పన్నెండేళ్లు. దారి పొడుగునా అమ్మ ఒకటే అంది, “నోరుంది కదా దానికి, నోరుంది కదా.” అది చాలు. జనవరిలో, కొత్త సంవత్సరం మర్నాడు, రవిక ముడి వేసుకుంటుంటే వేలికి తగిలినప్పుడు సలొమేకు గుర్తొచ్చింది కత్తెర. పెద్దమ్మ చేసినట్టు చేయకూడదు, చెప్పాలి అనుకుంది. చెప్పింది. చెప్పి రెండు నెలలు కావస్తోంది, పెద్దమ్మకు ఏమీ చెప్పకపోతే వచ్చినదే తనకు చెబితే వచ్చింది, తేడా అల్లా కిటికీ కింద గాడిద.

ఉత్తరంలో ఏం రాశాడో తెలిసింది మొన్న ఆదివారం. ఆరాధన అయ్యాక వాకిట్లో యూరానీ అమ్మగారు చెయ్యి పట్టుకుని, “దగ్గు తగ్గిందా?” అంది. ఆవిడ మంచికే అడిగింది. “నాకు దగ్గెక్కడిదండీ” అంది సలొమే. “మరి ఛాతీ జబ్బుకి దగ్గు రాదూ?” “ఛాతీ జబ్బెవరికి?” యూరానీ లోపలికి తీసుకెళ్లి బీరువాలోంచి కాపీ పుస్తకం తీసింది, ఊరివాళ్ల కోసం రాసే ప్రతి ఉత్తరానికీ పాస్టరుగారు అందులో నకలు ఉంచుతాడు, ఆయన లేనప్పుడు ఇది నువ్వు చూశావని అనకు అని తెరిచి ఇచ్చింది. చదివింది. ‘సుగుణవతియు పనిమంతురాలును అగు ఒక స్త్రీ, వయస్సు ముప్పదియారు, గత శీతకాలము మొదలుకొని వక్షస్థలమునందు భారముచే బాధపడుచున్నది.’ ఒక పేజీ. నిద్ర ఉంది, మలబద్ధకం ఉంది, ఆమె సుగుణం రెండుసార్లు ఉంది. గడ్డ లేదు. ఆమె పేరు కూడా లేదు, అది వాళ్ల పద్ధతట, మర్యాద. చన్ను రొమ్ము అయింది, రొమ్ము వక్షస్థలం అయింది, జెనీవా చేరేసరికి ఊపిరితిత్తులు అయింది. అక్కడ ఆ పెద్దమనిషి తప్పేం లేదు. ఆయనకు రాసిన జబ్బుకు ఆయన మందు రాశాడు. ఎవరో ఒకామెకు, వక్షస్థలంలో భారం ఉన్న ఒకామెకు, ఆ మందు పని చేసే ఉంటుంది. ఆమె ఎక్కడుందో. ఆమె గాడిద పాలు నేను తాగుతున్నాను అనుకుంది సలొమే, సోమవారం ఈ ఇంటికి వచ్చింది, పాస్టరుగారు పెద్దల సభకు నూషతేల్ వెళ్లారన్నారు, ఆయన మంగళవారం రాలేదు, బుధవారం చీకటిపడ్డాక వచ్చారు. ఈలోగా అబ్రామ్‌కు చెప్పింది. “వేరే జబ్బు రాశారయ్యా.” అతను సానరాయి ఆపలేదు. “నెల తాగమన్నారు, నెల కానీ. సగంలో మానేసి మళ్లీ రాస్తే డాక్టరుగారికి కోపం రాదూ?” “ఆయనకి నా సంగతి తెలీదు, కోపమెందుకొస్తుంది?” “అదే అంటున్నాను, తెలీని మనిషితో జాగ్రత్తగా ఉండాలి.”

తానే రాయగలిగితే. బడిలో ఆడపిల్లలకు చదవడం నేర్పారు, వాక్యం చదువుకోవడానికి, ప్రశ్నోత్తరాలు అప్పజెప్పడానికి. రాయడం వెనక బల్లల మీద మగపిల్లలకు. ఆడపిల్లలకు ఆ వేళ లేసు. కాబట్టి ఎవరు ఏం రాసినా చదవగలదు, తన గురించి రాసినా చదవగలదు, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలదు, దిద్దలేదు. చదవడం రాకపోయినా బాగుండేది, గాడిద పాలు తాగుతూ దగ్గు కోసం చూసుకుంటూ ఉండేది. సోమవారం ఇంట్లో బొగ్గు ముక్కతో పలక మీద అక్షరాలు వేసి చూసింది. మొదటి అక్షరం ఎటు తిరిగి ఉండాలో చూసి వేసింది, అది పడిపోయిన కుర్చీ లాగా వచ్చింది. నాలుగు అక్షరాలకు అరపూట. తుడిచేసింది. ఆ చేతులే నలభై కండెలు ఒకదానికొకటి తగలకుండా ఆడిస్తాయి.

తలుపు తెరుచుకుంది.

“అరె, సలొమే! ఎంతసేపైంది వచ్చి? యూరానీ, చెప్పకూడదూ?” సలొమే లోపలికి వెళ్లింది. దిండు వదలలేదు. కూర్చోమన్నాడు. కూర్చోకుండానే చెప్పింది, నాలుగు రోజులుగా నోట్లో నానిన వాక్యం, “ఉత్తరంలో తప్పు పడిందండి అయ్యగారూ, నాకు ఛాతీ జబ్బు కాదు, చన్నులో గడ్డ.” ఆయన ముఖం కళ్లజోడు దాకా ఎర్రబడింది. కిటికీ వైపు చూశాడు, మూసే ఉంది.

“అమ్మా, నేను అదే రాశాను.”

“వక్షస్థలం అని రాశారండి.”

“వక్షస్థలం అంటే అదీ కలిసే కదమ్మా. కాస్త గౌరవంగా.”

“డాక్టరుగారికి అది కలవలేదండి. గాడిద పాలు కలిశాయి.”

ఆయనకు నవ్వు రాలేదు. ఆమె నవ్వించడానికి అనలేదు. కానీ ఆయన చెడ్డవాడు కాదు, అదే కష్టం, చెడ్డవాడైతే అరవచ్చు. వెంటనే కాగితం తీశాడు, ఈకకలం చెక్కాడు, తేదీ వేశాడు. “ఇప్పుడే సరిచేద్దాం. పెర్నెట్ వెళ్లేలోపు.” రాస్తుంటే ఆమె బల్ల పక్కకు వచ్చి తలకిందులుగా చదివింది. ‘పూర్వము విన్నవించిన భారము ఊపిరితిత్తులకు సంబంధించినది కాదనియు, వెలుపలి భారమనియు, ఎడమ ప్రక్కన, స్త్రీలకు ప్రకృతిసిద్ధమగు స్థానమునందు—’

“వెలుపలి భారమా?” అంది. “మూట మోస్తున్నాననుకుంటారండి.”

“స్థానం చెప్పాను కదా.”

“ఏ స్థానమండి? ఆడవాళ్లకి స్థానాలు చాలా ఉన్నాయి. ఆ మాట రాయండి. రెండే అక్షరాలు.”

“సలొమే, ఈ ఉత్తరం నా ముద్రతో వెళ్తుంది. అక్కడ గుమస్తాలు విప్పుతారు. కుర్రవాళ్లు. నకలు నా పుస్తకంలో ఉంటుంది, నా తర్వాత వచ్చే పాస్టరు చదువుతాడు.”

“ఈస్టరు ముందు ఆదివారం మీరు చర్చిలో పైన నిలబడి ఆ మాట చదివారు. అందరం విన్నాం. పిల్లలూ విన్నారు.”

“అది దేవుని వాక్యం.”

“ఇది నా ఒళ్లండి.”

ఆయన కలం కింద పెట్టాడు. మళ్లీ తీశాడు. కిందటి వాక్యానికి ‘కాఠిన్యము’ అనే మాట కలిపాడు, అది నయం, భారానికి కాఠిన్యం తోడైంది, ఆయన ఆమె వైపు చూసిన చూపులో ఇంతకంటే ఏం చేయమంటావు అని ఉంది, నిజంగానే ఉంది. పదికి పావు తక్కువ, చర్చి గడియారం కొట్టింది, ఆ గడియారంలో రెండు చక్రాలు అబ్రామ్ కోసినవే. ఆయన మైనం వెతకడానికి పక్కగదిలోకి వెళ్లాడు. ఆమె ఆ కాగితం వంక చూస్తూ నిలబడింది. స్థానం. కాఠిన్యం. ప్రకృతిసిద్ధం. ఇన్ని మాటలు తెలిసిన మనిషి. జెనీవాలో మాటలు తెలిసిన ఇంకో మనిషి దీన్ని చదివి, కాలేయమేమో అనుకుని ఇంకో పట్టిక రాస్తాడు, మేక పాలు రాస్తాడు, జూలై అవుతుంది, అబ్రామ్ మేక కోసం కొండ ఎక్కుతాడు. కోపం త్వరగా వచ్చునా. రాదండి. వస్తుందని రాయించాల్సింది, అక్కడే అబద్ధం మొదలైంది.

దిండు కుర్చీ మీద పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది. దిండు చుట్టూ చుట్టిన పాత నమూనా చివర, తోలుకాగితం ముక్క ఒకటి ఖాళీగా ఉంది, రెండు అరచేతులంత. కత్తెరతో కోసింది. కొత్త నమూనా కావాలంటే తోలుకాగితం మీద సూదితో చిల్లులు పొడుస్తారు, ఏ చిల్లు దగ్గర గుండుసూది నిలబెట్టాలో లేసు అల్లేవాళ్లకు చిల్లులే చెబుతాయి, దానికి చదువు అక్కర్లేదు, ఏ ఊళ్లో పొడిచినా ఏ ఊళ్లోనైనా అల్లచ్చు. పొడిచింది. ముందు పెద్ద గుండ్రన, కింద కాస్త బరువుగా, ఉన్నది ఉన్నట్టు, సిగ్గుపడితే కొలత పోతుంది. మధ్యలో మొన, దగ్గర దగ్గరగా ఏడు చిల్లులు. మొనకు పైన, చంక వైపు, కొత్త సంవత్సరం నాటిది: నాలుగు గుండుసూదులు పక్కపక్కన పెడితే ఎంతో అంత. దాని చుట్టూ ఈస్టరు నాటిది, ఆరు. దాని చుట్టూ ఇవాళ్టిది, పొద్దున గాడిద పాలు తాగాక గది తలుపు వేసుకుని చూసుకుంది, తొమ్మిది, ఒక అంచు గుండ్రంగా రాదు, వంకర, ఆ వంకర కూడా పొడిచింది. గుండ్రనకు బయట, చంకలో ఉన్నది వేరేగా. అది అబ్రామ్‌కు చెప్పలేదు. పెద్దమ్మ పేరు తలుచుకున్నప్పుడు కూడా తనకు తాను చెప్పుకోలేదు. రెండు సూదుల వెడల్పు. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు, చిల్లుకూ చిల్లుకూ మధ్య దూరం సమానంగా వచ్చింది, మంచి పని, ఎవరైనా మెచ్చుకునే పని.

పాస్టరుగారు మైనంతో వచ్చాడు. ఆమె తోలుకాగితం ఉత్తరం మీద పెట్టింది. ఆయన తీసి వెలుతురుకు పట్టాడు. చిల్లుల్లోంచి వెలుతురు వచ్చింది.

“లేసు నమూనానా? డాక్టరుగారి ఇంట్లో ఆడవాళ్లకా? మంచి ఆలోచన సలొమే. ఏదో పువ్వులా ఉంది. ఇలాంటిదానికి వాళ్లు సంతోషిస్తారు.”

అవుననలేదు. కాదనలేదు. కాదంటే ఆయన దాన్ని ముట్టుకోడు. అవునంటే అక్కడా ఎవరో పువ్వు అనుకుంటారు, డాక్టరుగారి కూతురు అల్లి గౌనుకు కుట్టుకుంటుంది. ఇంతదూరం వచ్చి. అప్పుడు యూరానీ అమ్మగారు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది, ఆయన చేతిలోంచి తోలుకాగితం తీసుకుంది, ఆవిడా పెళ్లికి ముందు లేసు అల్లింది, లోయలో అల్లనివాళ్లు ఎవరు. చూసింది. వేలి కొసతో గుండ్రన చుట్టూ తడిమింది, లోపలి గుండ్రనలు తడిమింది, బయటిదాని దగ్గర వేలు ఆగింది. సలొమే చెవి దగ్గరికి వంగింది.

“మూడు ఎందుకు?”

“కొత్త సంవత్సరం. ఈస్టరు. ఇవాళ.”

“బయటిది?”

“చంకలో.”

యూరానీ నిటారుగా నిలబడింది. భర్త వైపు తిరిగి, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా, “ఒక్క లైను రాయండి” అంది. “‘జతపరచిన నమూనా రోగి స్వయముగా చేసినది, ఎడమ ప్రక్కది, అసలు కొలత, మూడు గుండ్రనలు మూడు తేదీలు, జనవరి రెండు, ఈస్టరు, ఈ దినము, బయటిది బాహుమూలమునందు.’ అంతే రాయండి.”

“లేసుకి తేదీలేమిటి?”

“రాయండి. పెర్నెట్ వస్తోంది.”

ఆయన రాశాడు. రాస్తూ రాస్తూ ‘రోగి’ దగ్గర ఒక క్షణం కలం ఆగింది, తోలుకాగితం వైపు చూశాడు, మెడ దగ్గరి నుంచి ఎరుపు మళ్లీ పైకి పాకింది, ఆయనకు తెలిసిపోయిందని ఇద్దరికీ తెలిసింది. ‘బాహుమూలమునందు’ పూర్తి చేశాడు. సిరా ఆరడానికి ఇసుక చల్లాడు. యూరానీ తోలుకాగితం జారిపోకుండా రెండు కుట్లు వేసి కాగితానికి కలిపింది. ఆయన నాలుగు మడతలు పెట్టి మైనం కరిగించి ముద్ర వేశాడు, తన ముద్రే, గట్టిగా నొక్కాడు. ఈ ఉత్తరానికి మాత్రం ఆయన కాపీ పుస్తకం తీయలేదు.

పది కొడుతుండగా సలొమే ఉత్తరం పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. పెర్నెట్ అప్పటికే మలుపు దాటుతోంది, యాభై దాటిన మనిషి, బుట్టలో జున్ను, పైన కోళ్లు, కాళ్లకు మేకుల బూట్లు. పిలిస్తే ఆగింది, తిరగలేదు, బుట్టతో తిరగడం కష్టం. సలొమే ఎదురుగా వెళ్లి నిలబడింది.

“పరుగెత్తకే, నీకు ఊపిరి జబ్బట కదా” అంది పెర్నెట్.

“లేదక్కా.”

“లేదా? మరి ఊరంతా గాడిద మాట తప్ప వేరే మాట లేదు. ఇలా ఇయ్యి. జెనీవాయే? ఈవెర్దోన్‌లో బండివాడికి ఇస్తాను. జవాబు ఎన్నాళ్లకు రావాలి?”

“కిందటిసారి అయిదు వారాలు.”

“వస్తే అబ్రామ్‌కి ఇచ్చేదా, అయ్యగారికా?”

అయిదు వారాలు. కిందటిసారి పైకి చదివారు, వంటింట్లో, అందరి ముందు, కళ్లజోడు పెట్టుకుని. ఈసారి జెనీవా మనిషి కొలత చూసి రాసేది ఏదైనా, కత్తి అని రాసినా, ఆలస్యమైందని రాసినా, పైకి చదివేటప్పుడు ఎవరో ఒకరు ఒక మాట తీసి ఇంకో మాట పెడతారు, మంచికే పెడతారు.

“నాకివ్వు.”

పెర్నెట్ ఉత్తరాన్ని రవికలోకి తోసుకుంటూ ఆమె ముఖంలోకి చూసింది. “మీద నీ పేరుండదుగా. మొగుడి పేరుంటుంది.”

“పేరు ఎవరిదైనా ఉండనీ అక్కా. నా చేతికివ్వు. విప్పకుండా.”

“చదువుకుంటావా?”

“చదవడం వచ్చు.”

పెర్నెట్ బుట్ట పట్టీలు భుజాల మీద సర్దుకుంది. “సరే అయితే. పక్కకు జరుగు, కోళ్లు పొడుస్తాయి” అని, కొండ దారి పట్టింది.